యమహా వై.ఎ.ఎస్.-280 ఆల్టో శాక్స్: హిప్-హాప్ బీటు మీద గుసగుసలాడుతుందా?

ఒళ్లు బంగారం, నోరే మార్చాలి. యమహా వై.ఎ.ఎస్.-280 గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే ఇంతే. అయితే ఏ వాయిద్యానికైనా మార్కులు వేసేది అది చేయాల్సిన పనిని బట్టి. పెళ్లి ఊరేగింపులో వీధి చివరి దాకా వినపడాలంటే ఒక లెక్క, చర్చిలో పాటల వెనక వాయించాలంటే ఇంకో లెక్క. ఇక్కడ చూస్తున్న పని వేరు. నిమిషానికి 75 బీట్ల దగ్గర బద్ధకంగా ఊగే హిప్-హాప్ డ్రమ్స్, అడుగున 808 బేసు (ఓ పాత డ్రమ్ మెషీన్ పేరుతో పిలిచే లోతైన బేసు), మధ్యలో ఎలక్ట్రిక్ పియానో, వాటి మీద చెవి దగ్గరకొచ్చి మాట్లాడినట్టు శాక్సోఫోన్. శృంగారం నిండిన పాట. 2017లో ఫ్రెంచ్ సంగీతకారుడు ఎఫ్‌కేజే, అమెరికన్ గాయకుడు, శాక్స్ వాద్యకారుడు మసేగో కలిసి చేసిన ‘టడౌ’ ఈ తరహాకి మంచి నమూనా. అది స్టూడియోలో అప్పటికప్పుడు అల్లుకున్న పాట. తన సంగీతానికి మసేగో ట్రాప్‌హౌస్‌జాజ్ అని పేరు పెట్టుకున్నాడు. ఆ పేరులోనే వంటకం మొత్తం ఉంది.

ఇలాంటి పాట ఇంట్లో కట్టాలనుకునేవాళ్లకి మొదటి శాక్స్‌గా 280 సరిపోతుందా? సరిపోతుంది. కాకపోతే పెట్టెలోంచి తీసింది తీసినట్టే వాయిస్తే సరిపోదు.

280 అనేది యమహా వాళ్ల విద్యార్థుల శ్రేణి. అంతకుముందు వచ్చిన 275 స్థానంలోకి వచ్చింది. దీనిపైన 480, ఆ పైన వృత్తి కళాకారులు వాడే 62 ఉన్నాయి. ఇత్తడి ఒంటికి బంగారు రంగు లక్కర్ పూత. కుడి బొటనవేలు ఆనే కొక్కేన్ని మన చేతి కొలతకు జరుపుకోవచ్చు. పైన ఎఫ్ షార్ప్ కీ ఉంది. విద్యార్థుల శాక్స్ అనగానే చులకనగా చూడక్కర్లేదు. శ్రుతి విషయంలో ఇది చాలా నమ్మకస్తురాలు. రికార్డింగుకి ఆ గుణమే ముఖ్యం, ఎందుకంటే వెనక వచ్చే పియానో సింథ్ శ్రుతి ఒక్క సెంటు (అరస్వరంలో నూరో వంతు) కూడా కదలదు. సభలో చెల్లిపోయే చిన్న అపశ్రుతి హెడ్‌ఫోన్లలో ముల్లులా గుచ్చుకుంటుంది. ఈ మోడల్లో బాగుపరిచిన ఇంకో భాగం కింది బి, సి షార్ప్ ప్యాడ్లను (రంధ్రాలు మూసే తోలు మెత్తల్ని) కలిపే మెకానిజం. అది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఈ తరహా పాటకి ప్రాణం అక్కడే ఉంది. కారణం సబ్‌టోన్.

సబ్‌టోన్ అంటే స్వరంలో గాలి చప్పుడు కలిసి, పైన ఉండే పదును తగ్గి, గొంతు తగ్గించి మాట్లాడినట్టు వినిపించే ధ్వని. ఆల్టో కంటే పెద్దదైన టెనర్ శాక్స్ మీద జాజ్ కళాకారుడు బెన్ వెబ్‌స్టర్ పలికించినది అదే. చేసే విధానం ఇది: కింది దవడను కొద్దిగా వెనక్కి లాగాలి, కింది పెదవి రీడ్ (మౌత్‌పీస్‌కి, అంటే నోట్లో పెట్టుకునే భాగానికి, బిగించే పల్చని రెల్లు రేకు) మీద ఎక్కువ భాగం కప్పాలి, బిగింపు వదలాలి, గాలి మాత్రం తగ్గించకూడదు. పెదవి రీడ్‌ను మెత్తగా అదిమి పట్టుకోవడం వల్ల పై హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటు సన్నగా పలికే పై ధ్వనులు) అణిగిపోతాయి. కొత్తవాళ్లు మెల్లగా వాయించడమంటే మెల్లగా ఊదడం అనుకుంటారు. గాలి చాలకపోతే స్వరం సగంలో ఆగిపోతుంది, లేదా ఒక స్థాయి పైకి ఎగురుతుంది. రోజూ పది నిమిషాలు కింది జి నుంచి ఎఫ్, ఇ, డి, సి, బి, బి ఫ్లాట్ వరకు ఒక్కో స్వరం ఎనిమిది సెకన్లు సబ్‌టోన్‌లో పట్టి దిగితే రెండు మూడు నెలల్లో దారికొస్తుంది.

అన్నీ సరిగ్గా చేసినా కింది స్వరాలు గుడగుడమంటున్నాయంటే తప్పు మీది కాకపోవచ్చు. ఎక్కడో ప్యాడ్ సరిగా మూసుకోవడం లేదు. ఎక్కువగా అనుమానించాల్సింది జి షార్ప్ ప్యాడ్, కింది సి షార్ప్ ప్యాడ్. చీకటి గదిలో గొట్టం లోపల సన్నని ఎల్‌ఈడీ దీపం దింపి, కీలు సున్నితంగా మూసి చూడండి. వెలుగు ఎక్కడ బయటికి వస్తే లీకు అక్కడే. గట్టిగా ఊదితే లీకు బయటపడదు, సబ్‌టోన్‌లో మాత్రం దాగదు. అందుకే ఊరేగింపుల్లో ఏళ్ల తరబడి బాగా మోగిన శాక్స్ కూడా ఈ పనికి మొరాయిస్తుంది.

ఇక నోటి సంగతి. 280తో పాటు 4సి మౌత్‌పీస్ ఇస్తారు. ప్లాస్టిక్‌ది, కొస దగ్గర సందు సుమారు 1.7 మిల్లీమీటర్లు. నేర్చుకునేవాళ్లకి అంతకంటే సులువైనది దొరకదు. స్వరం శుభ్రంగా, ఒద్దికగా వస్తుంది. మన పాటకి ఆ ఒద్దికే అడ్డం. సబ్‌టోన్‌లో దిగితే గాలి చప్పుడు వస్తుంది గానీ దాని వెనక ఉండాల్సిన కండ రాదు. కొంచెం గట్టిగా ఊదితే ఒక హద్దు దగ్గర గొంతు నొక్కేసినట్టు ఆగిపోతుంది. మెయర్ 5 మీడియం చాంబర్ లాంటి గట్టి రబ్బరు జాజ్ మౌత్‌పీస్ పెట్టగానే తేడా తెలుస్తుంది. దాని సందు 1.8 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. 4సితో పోలిస్తే తేడా గోరంత. అసలు మార్పు తెచ్చేది లోపలి గది ఆకారం, పైకప్పు వాలు. సందు పెద్దదైతే జాజ్ ధ్వని వస్తుందని 7, 8 నంబర్లకు వెళ్లేవాళ్లు ఉన్నారు. మొదటి రెండేళ్లు అలా చేస్తే శ్రుతి జారుతుంది, దవడ నొప్పి పుడుతుంది, సబ్‌టోన్ ఇంకా దూరమవుతుంది. వాన్డోరెన్ వి16 ఎ5 కూడా ఇదే కోవలోకి వస్తుంది. రెండింటిలో ఏది నచ్చితే అది. డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే 280 బదులు 480 కొనడం కంటే 280 కొని మౌత్‌పీస్ మార్చడం మేలు. ఈ మాటలో రెండో ఆలోచన లేదు.

రీడ్ 2 లేదా 2.5 చాలు. 3 కి వెళితే స్వరం గట్టిపడుతుంది, గుసగుస పోతుంది. నాలుగు రీడ్లు తీసి నంబర్లు వేసుకుని రోజుకొకటి చొప్పున తిప్పుతూ వాడండి. ఒక్కదాన్నే వాడితే అది చచ్చిన రోజు రికార్డింగ్ ఆగిపోతుంది. హైదరాబాదు ఏప్రిల్ ఎండలకి రీడ్ ఎండి కొస అలలు తేలుతుంది, విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉక్కకి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. బల్లపరుపుగా ఉండే రీడ్ పెట్టెలో పెట్టడం తప్ప వేరే మందు లేదు. వాయించే ముందు స్వీట్లు తిన్నా, కూల్‌డ్రింకులు తాగినా తీపి లాలాజలం ప్యాడ్లకి అంటి జి షార్ప్ కీ అతుక్కుపోతుంది. అప్పుడు పల్చని కాగితం ముక్క ప్యాడ్ కింద పెట్టి, మూసి, తెరిచి తీయాలి. మూసి ఉండగా లాగితే ప్యాడ్ తోలు చిరుగుతుంది.

మెడకి వేసుకునే పట్టీ కూడా మార్చాల్సిందే. శాక్స్ బరువు రెండున్నర కిలోల చుట్టూ ఉంటుంది. గంటసేపు వాయిస్తే మెడ నరాలు పట్టేస్తాయి. భుజాల మీదుగా వేసుకునే హార్నెస్ తీసుకోండి.

పాట ఏ శ్రుతిలో కట్టాలన్నది ముందే తేల్చుకోవాలి. బీట్ తయారయ్యాక శాక్స్ వాద్యకారుడిని పిలిచి ‘దీని మీద ఏదైనా వాయించు’ అనడం సగం పాటల్ని పాడుచేస్తోంది. ఆల్టో ఇ ఫ్లాట్ వాయిద్యం. దాని మీద సి వాయిస్తే పియానోలో ఇ ఫ్లాట్ పలుకుతుంది. కాబట్టి పియానోలో ఎఫ్ మైనర్ అంటే ఆల్టోకి డి మైనర్, సి మైనర్ అంటే ఎ మైనర్, డి మైనర్ అంటే బి మైనర్. ఈ తరహాకి ఎఫ్ మైనర్ చాలా అనువు. శాక్స్ మీద ఆధార స్వరం కింది డి అవుతుంది, సబ్‌టోన్ హాయిగా పలికే చోటు అది. దాని కింద ఇంకా సి, బి, బి ఫ్లాట్ మిగిలి ఉంటాయి. మరోవైపు 808 బేసుకి ఎఫ్ అంటే 43.65 హెర్ట్జ్, మంచి స్పీకర్లలో ఛాతీకి తగిలే లోతు. డి మైనర్ ఎంచుకుంటే ఆధార స్వరం కింది బి మీదికి వెళ్తుంది. దాన్ని సబ్‌టోన్‌లో పట్టి నిలపడం చేయి తిరిగినవాళ్లకే కుదురుతుంది.

కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) రెండు చాలు: ఎఫ్ మైనర్ 9, డి ఫ్లాట్ మేజర్ 9. ఇక్కడ ఒక అందమైన కిటుకు. పియానో జి స్వరాన్ని, అంటే ఆల్టో మీద ఇ ని, రెండు కార్డ్స్ మీదా కదలకుండా పట్టి ఉంచండి. కార్డ్ ఆధార స్వరం నుంచి లెక్కిస్తే మొదటి దానిలో అది తొమ్మిదో స్వరం, రెండో దానిలో షార్ప్ పదకొండు, అంటే అరస్వరం పెంచిన పదకొండోది. వాయించేవాడు కదలడు, కింద నేల కదులుతుంది. ఈ పాటల్లో వినేవాడి ఒళ్లు ఝల్లుమనే క్షణాలు చాలావరకు ఇలా పుట్టినవే. వేగంగా పరిగెత్తే స్వరమాలల వల్ల కాదు.

కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లకి ఇక్కడ ఒక సౌలభ్యం, ఒక చిక్కు ఉన్నాయి. ఎఫ్‌ను షడ్జంగా పట్టుకుంటే ఈ పాట నటభైరవి, ఖరహరప్రియ స్వరాల మధ్య తిరుగుతుంది కాబట్టి వేళ్లకి దారి తెలుసు. ఆల్టో మీద గమకం పలుకుతుందని కద్రి గోపాల్‌నాథ్ జీవితకాలం పాటు నిరూపించారు కాబట్టి ఆ అనుమానమూ అక్కర్లేదు. చిక్కల్లా గమకాన్ని ప్రతి స్వరానికీ వేయడంలో ఉంది. కింద కదలని పియానో కార్డ్ ఉంటుంది. గాంధారాన్ని ఊపితే కార్డ్‌లోని గాంధారంతో గొడవ పడుతుంది. నాలుగు బార్లకి ఒక జారుడు చాలు, అదీ స్వరం మొదట్లో కింద నుంచి అందుకునేది. మిగతావి నిటారుగా నిలబెట్టండి.

వైబ్రేటో సంగతీ అంతే. స్వరం పట్టగానే వణికించకూడదు. సగం దాకా నిటారుగా ఉంచి చివర్లో దవడతో ఊపాలి. 75 బీట్ల దగ్గర ఒక బీటు 0.8 సెకన్లు. సెకనుకి ఐదు చొప్పున ఊపితే బీటుకి సరిగ్గా నాలుగు పడి, డ్రమ్స్‌లో టిక్‌టిక్‌మనే హై-హ్యాట్‌తో కలిసిపోయి యంత్రంలా వినిపిస్తుంది. బీటుకి మూడు చొప్పున ఊపితే తాళానికి అడ్డంగా తేలుతుంది. మెట్రోనోమ్ పెట్టుకుని సాధన చేయాల్సింది ఇదే.

తాళం గురించి ఇంకో మాట. హిప్-హాప్ ఊపు ఎక్కడి నుంచి వచ్చిందంటే డ్రమ్ మెషీన్లలోని స్వింగ్ అమరిక నుంచి, అంటే జతలో రెండో దెబ్బను కాస్త ఆలస్యం చేసే అమరిక నుంచి. డ్రమ్ మెషీన్ల రూపకర్త రోజర్ లిన్ తెచ్చిన ఆ పద్ధతిలో 50 శాతం అంటే నిటారు, 66 శాతం అంటే పూర్తి త్రిశ్ర నడక. ఈ పాటలకి 54 నుంచి 58 మధ్య పెట్టండి. 75 బీట్ల దగ్గర 56 శాతం అంటే ప్రతి రెండో పదహారో భాగం (పావు బీటు స్వరం) 24 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడుతుంది. డెట్రాయిట్ నిర్మాత జె డిల్లా ఇంకో అడుగు ముందుకేసి గ్రిడ్‌నే (యంత్రం గీసే సమాన కాలపు గడుల్నే) పక్కన పెట్టాడు, డ్రమ్స్ తాగి నడిచినట్టు తూలుతూనే పడిపోకుండా నడుస్తాయి. శాక్స్ ఆ డ్రమ్స్ కంటే ఇంకాస్త వెనక వాలాలి. వాలడం వేరు, వెనకబడటం వేరు. వాలినప్పుడు పదబంధం మొదలు ఆలస్యమైనా ముగింపు తాళంలోనే పడుతుంది. రికార్డు చేశాక శాక్స్‌ను గ్రిడ్‌కి క్వాంటైజ్ చేయడం, అంటే ప్రతి స్వరాన్నీ గడికి జరిపి అతికించడం మాత్రం ఎవరూ చేయకండి. పాటలో ఊపిరి తీసేసినట్టే.

వాయించేటప్పుడు హెడ్‌ఫోన్లలో మీ స్వరం ఆలస్యంగా వినిపిస్తే తెలియకుండానే ముందుకు పరిగెత్తుతారు. మైకుని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్ ఆన్ చేయండి. కంప్యూటర్ గుండా తిరిగొచ్చే శబ్దాన్ని వినకండి. ఒక చెవి మీద హెడ్‌ఫోన్ తీసేసి వాయించడం ఇంకా మంచిది, శ్రుతి నిలుస్తుంది. కానీ అటువైపు హెడ్‌ఫోన్‌లోంచి బీటు మైకులోకి కారకుండా దాన్ని తలకి అదిమి ఉంచాలి.

మైకు పెట్టడంలో జరిగే తప్పు ఒకటే, అందరూ అదే చేస్తారు: బెల్ (శాక్స్ చివర ఉండే గరాటు) నోట్లోకి గురిపెట్టడం. శాక్స్ శబ్దం చాలావరకు తెరుచుకున్న రంధ్రాల్లోంచి వస్తుంది. బెల్‌లోంచి ప్రధానంగా వచ్చేది అట్టడుగు స్వరాలే. బెల్ ముందు మైకు పెడితే కింది బి ఫ్లాట్, బి ఢమాల్‌మంటాయి, మధ్య స్వరాలు సన్నబడతాయి. 30 నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో, బెల్ అంచుకి కాస్త పైన, చేతివేళ్ల వైపు చూసేలా పెట్టండి. సబ్‌టోన్ భాగాలకి 20 సెంటీమీటర్ల దాకా దగ్గరికి రావచ్చు, అప్పుడు కీల టకటక కూడా పడుతుంది. అది కొంచెం ఉంటేనే బాగుంటుంది, దగ్గర్లో మనిషి ఉన్నట్టు అనిపిస్తుంది. ఖరీదైన మైకు అక్కర్లేదు. షూర్ ఎస్.ఎం.57 తో పని జరుగుతుంది, రిబ్బన్ మైకు దొరికితే పదును ఇంకా తగ్గుతుంది. 24 బిట్‌లో రికార్డు చేస్తూ గట్టి స్వరాలు మైనస్ 12 డీబీ దాటకుండా చూసుకోండి. సబ్‌టోన్ చూసి గెయిన్ (రికార్డయ్యే మట్టం) పెంచితే పాట మధ్యలో గొంతు విప్పిన చోట పగిలిపోతుంది.

ఖాళీ గదిలో వాయిస్తే గోడల మోత మైకులోకి వచ్చి తీరుతుంది, తర్వాత ఏ ప్లగిన్నూ దాన్ని తీయలేదు. వాయించేవాడి వెనక పరుపు నిలబెట్టి, పక్కన బొంతలు వేలాడదీయండి. సీలింగ్ ఫ్యాన్ ఆపేయాలి. గాలి చప్పుడు కోసమే కాదు, తిరిగే రెక్కల మీద పడి తిరిగొచ్చిన శబ్దం స్వరాన్ని తరిగి వణికిస్తుంది. ఏసీ గదిలో శాక్స్ చల్లబడితే శ్రుతి తగ్గుతుంది. పది నిమిషాలు వాయించి వేడెక్కాకే ట్యూనర్‌తో ఎ స్వరం 440 హెర్ట్జ్ లెక్కకి సరిచూసుకుని మౌత్‌పీస్‌ను కార్క్ మీద జరపండి. సబ్‌టోన్‌లో శ్రుతి ఇంకా కిందికి జారుతుంది కాబట్టి సబ్‌టోన్‌లోనే సరిచూడాలి. మామూలు స్వరంలో చూస్తే లాభం లేదు.

మిక్స్‌లో ఆల్టో అట్టడుగు స్వరం 138.6 హెర్ట్జ్. కాబట్టి 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయవచ్చు. 2.5 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య రెండు మూడు డీబీలు తగ్గిస్తే ముక్కుతో పాడినట్టుండే గుణం పోతుంది. కంప్రెసర్ (గట్టి, మెల్లని శబ్దాల మధ్య తేడా తగ్గించేది) 3:1, అటాక్ (అది పట్టు బిగించడానికి తీసుకునే సమయం) 20 మిల్లీసెకన్లకి తగ్గకుండా. అంతకంటే వేగంగా పెడితే స్వరం మొదట్లో వచ్చే గాలి పఫ్ అణిగిపోతుంది, మనం ఇన్ని పాట్లు పడింది దాని కోసమే. ప్లేట్ రివర్బ్ (గది మోత లాంటి ప్రతిధ్వని) రెండు సెకన్లు, ముందు ఆలస్యం 50 మిల్లీసెకన్లు, రివర్బ్ తిరిగొచ్చే దారిలో 300 హెర్ట్జ్ కింద కోత. డిలే పెట్టాలంటే 75 బీట్లకి డాటెడ్ ఎనిమిదో భాగం (ముప్పావు బీటు) 600 మిల్లీసెకన్లు.

ఫోనుల్లో వినపడటం కోసం 808 కి శాచురేషన్ (అదనపు హార్మోనిక్స్ పుట్టించే గరుకుదనం) ఎక్కించడం మామూలే. ఎఫ్ బేసు మూడో హార్మోనిక్ 131 హెర్ట్జ్, నాలుగోది 175. మొదటిది శాక్స్ అట్టడుగు స్వరం గుమ్మంలో, రెండోది కింది స్వరాల ఇంట్లోకే వచ్చి కూర్చుంటాయి. శాక్స్ కింద మురికిగా వినిపిస్తే శాక్స్‌ను కోయకండి, 808 శాచురేషన్ తగ్గించండి. గాయకుడు పాడేటప్పుడు శాక్స్ నోరు మూసుకోవాలి, వరుస ముగిశాక జవాబివ్వాలి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే సరసం కాస్తా తగువులా వినిపిస్తుంది. తప్పనిసరిగా ఒకటి మీద ఒకటి పడిన చోట గొంతు వచ్చినప్పుడు శాక్స్ రెండు డీబీలు తగ్గేలా సైడ్‌చెయిన్ పెట్టండి.

శాక్స్ కొనకుండా కీబోర్డు మీద శాంపిల్స్‌తో (ముందే రికార్డు చేసిన స్వరాలతో) పని జరగదా అంటే, నాలుగు బార్ల లూప్ కోసమైతే నిజమైన శాక్స్ లూపులు వాడుకోవచ్చు, తప్పు లేదు. కీబోర్డు మీటలతో కొత్త బాణీ వాయిస్తే మాత్రం దొరికిపోతారు. రెండు స్వరాల మధ్య ఊపిరి ఉండదు, ప్రతి స్వరం ఒకే బలంతో మొదలవుతుంది.

280 చేయలేనిదీ చెప్పాలి. వెబ్‌స్టర్ తరహాలో పరుచుకునే వెడల్పైన ముదురు స్వరం ఆల్టోకి రాదు, ఏ మౌత్‌పీస్ పెట్టినా రాదు. మనసులో ఆ ధ్వని ఉంటే వై.టి.ఎస్.-280 టెనర్ వైపు వెళ్లండి, దాని అడుగు 104 హెర్ట్జ్ దాకా దిగుతుంది. ఆల్టో బలం జాజ్ వాద్యకారుడు పాల్ డెస్మండ్ పలికించిన పొడి, తేలిక స్వరంలో ఉంది. ఆడగొంతు పక్కన ఆల్టో, మగగొంతు పక్కన టెనర్ అని కొందరు లెక్క చెబుతారు గానీ ఈ పాటల్లో మగగొంతుకి ఆల్టోయే నప్పుతుంది. ఇద్దరి అంతస్తులు వేరు కాబట్టి ఒకరి మీద ఒకరు పడరు.

సెకండ్‌హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు మెడ గొట్టం కిందికి వంగిందేమో పక్క నుంచి చూడండి, పెద్ద సొట్టలు చూడండి, లక్కర్ గీతల్ని పట్టించుకోకండి. తర్వాత కింది బి ఫ్లాట్‌ను వీలైనంత మెల్లగా ఊదమని అమ్మేవాళ్లనే అడగండి. మెల్లగా పలికితే తీసుకోవచ్చు. గట్టిగా ఊదితేనే పలుకుతోందంటే ప్యాడ్లు మార్చే ఖర్చు మరమ్మతుదారుని అడిగి తెలుసుకుని, అంతా ధరలోంచి తగ్గించమనండి.